గుర్తులేదు అన్న సాక్షి

కోర్టు, రెండో అంతస్తు, మా గది

పిచ్చుకా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నా కడుపుమంట విను, లేకపోతే ఇంటికెళ్ళి మీ బావగారి మీద పడతాను.

గోదాము తగలబెట్టిన కేసు ఇవాళ విచారణకు వచ్చింది. నా ముఖ్య సాక్షి అక్కడి వాచ్‌మన్. నిప్పు పెట్టినవాణ్ణి కళ్ళారా చూశానని పోలీసులకు చెప్పిన మనిషి. బోనెక్కి, ప్రమాణం చేసి, నా మొహంలోకి చూస్తూ "నేనేమీ చూళ్ళేదమ్మా, ఆ టైముకి నేనక్కడ లేనే లేను" అన్నాడు. ప్లేటు ఫిరాయించాడు! ముద్దాయి తాపీగా మీసం దువ్వుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా సాక్షే మాకు ఎదురు తిరిగితే, జడ్జిగారి అనుమతి తీసుకుని అతన్ని మేమే ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేయొచ్చు. మిగతా ప్రాసిక్యూటర్లందరూ అప్పుడు గుడ్లురిమి అరుస్తారు. నేను అరవను, పొగుడుతాను. "మీరు చాలా నమ్మకమైన మనిషని విన్నాను" అన్నాను. పొంగిపోయాడు. "డ్యూటీ వదిలి ఎప్పుడైనా వెళ్ళారా?" అన్నాను. "ఒట్టు, ఒక్కనాడూ వెళ్ళలేదమ్మా!" "మరి ఆ రోజు డ్యూటీ మీదేగా?" అప్పుడు తెలిసింది అతనికి ఎక్కడ కాలు పెట్టాడో. మనిషి దేన్ని చూసుకుని గర్వపడతాడో దాంట్లోంచే అతని అబద్ధాన్ని బయటికి లాగాలి. ట్రైనింగ్ స్కూల్లో కొత్త ప్రాసిక్యూటర్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

ఇంకో మాట. ప్రాసిక్యూటర్లందరికీ పైన ఉండే డైరెక్టర్ పదవి ఖాళీ అవుతోంది. నా పేరే పైకి వెళ్ళిందట. "ఇకనుంచి ఇంట్లో కాఫీ అడగాలన్నా అర్జీ పెట్టుకోవాలా?" అని మీ బావగారు అప్పుడే వేళాకోళం మొదలుపెట్టారు.

మీ ఊరి మిల్లులో బాయిలర్ పేలిందని పేపర్లో చదివాను. మీ ఆయన క్షేమమేనా? ఫోన్ చేస్తే ఎత్తవేం?

అక్క


ఆసుపత్రి, నర్సుల గది

అక్కా,

మేం బాగానే ఉన్నాం. ఆ పూట ఈయన మగ్గాల షెడ్డులో ఉన్నారు, బాయిలర్‌కి దూరం. మా పాప చిట్టికి భయంతో జ్వరం వచ్చి తగ్గింది. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఉంది. మిల్లు క్వార్టర్స్ ఫోన్లన్నీ మిల్లు ఆఫీసు మీదుగానే వస్తాయి. మా ఇంట్లో ఇవాళ ఏం వండామో అక్కడి ఆపరేటర్‌కి నాకంటే ముందు తెలుస్తుంది. అందుకని ఉత్తరాలే రాయి, అదీ ఆసుపత్రికి.

ఆ మధ్యాహ్నం గురించి ఏం చెప్పను. బాయిలర్ పక్కనున్న రంగుల షెడ్డు వాళ్ళను మోసుకొచ్చి, మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. డాక్టరుగారు ఊళ్ళో లేరు. ఆయన వచ్చేదాకా అన్నీ నేనే. బాగా కాలిపోయిన ఒకాయన చివరిదాకా తెలివిలోనే ఉన్నాడు. నా చెయ్యి వదల్లేదు. డాక్టరుగారు వచ్చేసరికి ప్రాణం పోయింది. వాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఏడవను కూడా లేదు. "వాడేమైనా అన్నాడా తల్లీ?" అని ఒక్క మాట అడిగింది.

యజమాని మీద కేసు పెట్టారు. ఇక్కడ యజమాని అంటే ఏమిటో నీకు తెలియదు. మేముండే ఇల్లు ఆయనది, ఈయన ఉద్యోగం ఆయనది, మా ఆసుపత్రి కమిటీకి పెద్ద కూడా ఆయనే.

నీ వాచ్‌మన్ సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అది సరేగానీ, నీ చేతికి చిక్కకుండా జారిపోయే సాక్షి ఉండడా అసలు?

డైరెక్టరమ్మగారికి ముందస్తు నమస్కారాలు.

నీ పిచ్చుక


ఇల్లు, వెనక వరండా

పిచ్చుకా,

పేపర్ల నిండా మీ మిల్లే. రంగుల షెడ్డుకి బయటి నుంచి తాళం వేశారట! సరుకు పూర్తయ్యేదాకా ఒక్కరూ బయటికి రాకూడదని యజమానే తాళం వేయించి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడని పోలీసులంటున్నారు. ఆయనేమో తాళం సంగతే ఎరగడట. బతికినవాళ్ళంతా ఆయన జీతగాళ్ళే కనక ఎవరూ నోరు విప్పడం లేదట. ఆ కేసు నా చేతికొచ్చి ఉంటేనా, ఆయన్ని ఉతికి ఆరేసేదాన్ని! ఏం లాభం, వేరే జిల్లా. అక్కడి ప్రాసిక్యూటర్ మాత్రం నా శిష్యుడే. క్లాసులో "కళ్ళజోడు" అని పిలిచేదాన్ని, నేను చెప్పింది పొల్లుపోకుండా రాసుకునేవాడు. నువ్వు నా చెల్లెలివని అతనితో అనకు, బిగుసుకుపోతాడు.

జారిపోయే సాక్షి ఉండడా అని అడిగావు. ఉంటాడు. క్లాసులో కూడా చెప్పని మాట నీకు చెప్తున్నాను. నా పద్ధతికి విరుగుడు ఒకటే, "గుర్తులేదు." అవునన్నా దొరుకుతాడు, కాదన్నా దొరుకుతాడు, సంజాయిషీ చెప్పబోతే మరీ తేలిగ్గా దొరుకుతాడు. అడిగిన ప్రతిదానికీ బెల్లం కొట్టిన రాయిలా నిలబడి "గుర్తులేదు" అంటే నేనేం చెయ్యను? మరచిపోవడం నేరం కాదు కదా. నా అదృష్టం కొద్దీ ఏ సాక్షికీ ఇది తట్టదు. అందరికీ ఏదో ఒకటి చెప్పుకోవాలనే దురద.

మీ ఆసుపత్రిలో ఎవరైనా ఏమైనా విని ఉంటే నోరు మూసుకుని కూర్చోవద్దని చెప్పు.

అక్క


ఆసుపత్రి, నర్సుల గది

అక్కా,

నెలల తరబడి జవాబు రాయలేదని కోప్పడకు. పని ఎక్కువగా ఉంది, అంతే.

మా దగ్గర ఒక నర్సు ఉంది. పోయినవాళ్ళలో ఒకతను ఆమెతో ఏదో చెప్పాడట. ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇప్పుడు కోర్టుకు రమ్మని సమన్లు వచ్చాయి. ఆ చివరి మాట విన్నది ఆమె ఒక్కతే.

మొన్న మిల్లు మేనేజరు వాళ్ళింటికి వచ్చాడట. బెదిరించలేదు. కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు, పాపని దగ్గరికి పిలిచి జడ సవరించాడు. "ఇల్లు భలే సర్దుకున్నారమ్మా" అన్నాడు. "పాప స్కూలుకి ఏ దారిన వెళ్తుంది? ఒక్కతే వెళ్తుందా?" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆమెకి అన్నం సహించడం లేదు.

భయపడిన సాక్షికి మీ చట్టంలో ఏమైనా ఉందా అక్కా? ఆమె అడగమంది.

నీ పిచ్చుక


కోర్టు, రెండో అంతస్తు, మా గది

పిచ్చుకా,

ఉంది. అబద్ధం చెప్తే జైలుంది. ఆ మాట చెప్పు ఆమెకి.

భయమట! ఎవరికి లేదే భయం? నా కారు అద్దాలు పగలగొట్టారు, ఇంటి గోడ మీద బూతులు రాశారు, నేను మర్నాడు కోర్టుకి వెళ్ళడం మానేశానా? తాళం వేసిన తలుపు లోపల నిలబడి కొట్టుకున్నవాళ్ళకి లేదా భయం? చావబోతూ ఒక మనిషి తన చివరి మాట నీ చేతిలో పెట్టాడంటే అది నీ సొత్తు కాదు, అతనిది. దాన్ని దాచుకుంటే దొంగతనమే. ఇలాంటి పిరికివాళ్ళ వల్లే నేను గెలవాల్సిన కేసులు గంగపాలవుతున్నాయి. బోనులో నిలబడి నేల చూపులు చూసేవాళ్ళంటే నాకు ముద్దాయి కంటే ఎక్కువ అసహ్యం. ముద్దాయి కనీసం తన కోసం తను అబద్ధమాడతాడు.

ఆమెని నా దగ్గరికి మాత్రం పంపకు. సాక్షులతో బోను బయట నేను మాట్లాడను. మంచినీళ్ళు కూడా ఇవ్వను. ఈ ఉద్యోగంలో చేరిననాటి నుంచీ అది నా నియమం.

డైరెక్టర్ పదవికి ఇంటర్వ్యూ అయింది. బాగా జరిగింది. ఆర్డరు సంతకానికి వెళ్ళిందంటున్నారు.

అక్క


ఆసుపత్రి, నర్సుల గది

అక్కా,

ఆ పిరికిది నేనే.

మా జడ్జిగారి ముందు నిన్న నా సాక్ష్యం అయింది. "ఆయన మీతో ఏం చెప్పాడు?" అని నీ కళ్ళజోడు అడిగాడు. "ఏమీ చెప్పలేదండీ" అన్నాను. అతను సొంత సాక్షినే క్రాస్ చెయ్యడానికి జడ్జిగారి అనుమతి తీసుకున్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని "ఈ ఊళ్ళోకెల్లా మంచి నర్సు మీరేనని విన్నాను" అన్నాడు.

అక్కా, ఆ మాట అతను అంటుంటే నాకు నీ గొంతు వినిపించింది. "రోగి చెప్పేది శ్రద్ధగా వింటారు కదా?" అన్నాడు. వింటానని నోటి చివరిదాకా వచ్చింది. పాతికేళ్ళుగా చేసిన పని అది. కానీ దాని తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. నొప్పి ఎక్కడో ఆయన చెప్పకుండానే మందు వేశారా అంటాడు. దాని తర్వాతది కూడా తెలుసు. "గుర్తులేదు" అన్నాను.

"రోగుల మాట వింటారో లేదో కూడా గుర్తులేదా?" కోర్టంతా నవ్వింది. "గుర్తులేదు." "ఆయన మీ చెయ్యి పట్టుకున్నాడా?" "గుర్తులేదు." "ఆయనకు తెలివుందా?" "గుర్తులేదు." ఏ మాట అడిగినా అదే. ఆఖరికి అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. యజమాని లాయరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం ఏముంది?

పోయిన మనిషి తల్లి వెనక బెంచీలో ఉంది. నేను బయటికి వస్తుంటే తిట్టలేదు. కాళ్ళు ముడుచుకుని నాకు దారిచ్చింది.

ఆయన చెప్పింది నీకు చెప్తాను. "తలుపు తియ్యమని అరిచాం సిస్టర్. యజమాని కిటికీలోంచి చూశాడు. తాళంచెవి చేతిలోనే ఉంది. సరుకు పాడైపోతుంది, కాసేపు ఆగండి అన్నాడు."

ముందే రాస్తే నువ్వు ఊరుకోవని రాయలేదు.

చెల్లి


కోర్టు, రెండో అంతస్తు, మా గది

హెడ్ నర్సు గారికి,

మీ ఉత్తరం అందింది.

చెల్లెలు కదా అని చెప్పుకున్న మాటను తీసుకెళ్ళి ఆ నరహంతకుడికి అడ్డుగా పెట్టారు. నా పాఠాన్ని నా శిష్యుడి మొహాన కొట్టారు. ఆ యజమాని రేపో మాపో నిర్దోషిగా బయటికొచ్చి, అదే షెడ్డుకి కొత్త తాళం కొంటాడు. అది మీ పుణ్యమే.

ఎంతోమంది అబద్ధాల సాక్షుల్ని చూశాను గానీ నా నోట్లోంచి మాట లాగి అబద్ధమాడినవాళ్ళని చూడలేదు. ఆ తల్లి మీ మొహాన ఉమ్మెయ్యాల్సింది.

ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకండి.

సీనియర్ పబ్లిక్ ప్రాసిక్యూటర్


ఆసుపత్రి, నర్సుల గది

సీనియర్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికి,

రాయొద్దన్నావు, రాస్తాను. తిట్టడం నీ ఒక్కదానికే వచ్చా?

నేను చేసింది తప్పే. నువ్వు చెప్పక్కర్లేదు. అద్దంలో మొహం చూసుకోవడం మానేశాను. కానీ ఒకటి అడుగుతాను, బోనులో ఉన్నాననుకుని జవాబు చెప్పు. నీ సాక్షులు సాక్ష్యం చెప్పాక ఇంటికెలా వెళ్తారో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. కోర్టు మెట్ల దగ్గర ముద్దాయి మనుషులు నిలబడి ఉంటారు, వాళ్ళ పక్కనుంచే నడిచి బస్టాపుకి పోవాలి. అదే బస్సు. అదే వీధి. నీకు కారుంది, జవానున్నాడు, అద్దం పగిలితే ప్రభుత్వం వేయించింది. నీ నియమం ఏమిటి, మంచినీళ్ళు కూడా ఇవ్వవా? మా ఆసుపత్రిలో చచ్చిపోయేవాడికి కూడా ఇస్తాం అక్కా.

భయపడిన సాక్షికి ఏముందని అడిగితే జైలుందని రాశావు. ఆ ఉత్తరం చదివి వారం రోజులు ఆలోచించాను. నువ్వు ఒక్క మాట, "ఆమెని కంగారు పడొద్దను, నేనున్నాను" అని రాసి ఉంటే, ఆ ఆమె నేనేనని అప్పుడే చెప్పేసేదాన్ని. పెన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాను కూడా. నువ్వు ముద్దాయి కంటే నన్నే ఎక్కువ అసహ్యించుకుంటానన్నావు.

వాచ్‌మన్ని పొగిడి పడేశానని గొప్పగా రాశావే. అతను ఎందుకు ప్లేటు ఫిరాయించాడో అడిగావా? అతనికీ ఒక పాప ఉందేమో.

నీ మీద నాకున్న కోపం నా మీద నాకున్న కోపానికి సరిపోతోంది. లేకపోతే ఎప్పుడో ఏ నుయ్యో చూసుకునేదాన్ని.

చెల్లి


ఇల్లు, వెనక వరండా

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మీ బావగారు ఆ ముక్కలు ఏరి, అతికించి, బల్ల మీద పెట్టి నడకకి వెళ్ళిపోయారు. మళ్ళీ చదివాను. కోపం తగ్గలేదు. ఎవరి మీదో మాత్రం సరిగ్గా చెప్పలేను. నుయ్యి మాట ఇంకోసారి రాశావంటే నేనే వచ్చి చెంపలు వాయిస్తాను.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. తీర్పు రాకముందు ఏ సాక్షినైనా మళ్ళీ పిలిచే అధికారం జడ్జికి ఉంది. మళ్ళీ చెప్పుకోవాలనుందని నువ్వే అర్జీ పెట్టు. మొదట అబద్ధం చెప్పినందుకు నీ మీద కేసు పెట్టొచ్చు. పెట్టరని నేను మాట ఇవ్వను, అడ్డుపడను కూడా. ఏం చెప్పాలో చెప్పను. కళ్ళజోడుతో ఒక్క ముక్క మాట్లాడను. మాట్లాడితే సాక్షిని నేనే తయారు చేశానంటారు.

చిట్టిని తీసుకుని మరిదిగారిని రేపే మా ఇంటికి బయల్దేరమను. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. వాయిదా రోజున నేనొస్తాను. నల్లకోటు లేకుండా, వెనక బెంచీలో కూర్చుంటాను. నువ్వు దిగివచ్చాక నీ పక్కన నడుస్తాను. మెట్ల దగ్గర ఎవడు నిలబడతాడో చూస్తాను.

"ఆర్డరు సంతకమయ్యేదాకా వేరే జిల్లా కోర్టులో కనపడొద్దు మేడమ్, లేనిపోని గొడవ" అని మా ఆఫీసులో చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. సెలవు చీటీ ఇచ్చేశాను.

అక్క


ఆసుపత్రి, నర్సుల గది

అక్కా,

వాయిదా రోజున కోర్టు నుంచి నేను బస్సెక్కేదాకా నువ్వు నా చెయ్యి వదల్లేదు, నోరు మాత్రం విప్పలేదు. కోపమో కాదో తెలియక ఇన్ని రోజులూ రాయలేకపోయాను.

మళ్ళీ బోనెక్కి ఆ పోయినాయన చివరి మాట చెప్తున్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. యజమాని లాయరు లేచినప్పుడే వేసింది. "మొన్న గుర్తులేనిది ఇవాళ ఎలా గుర్తొచ్చింది? ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు. "ఇవాళ్టిది ఎవరూ నేర్పలేదు. మొన్నటిదే నేర్చుకున్నాను" అన్నాను. "ఎవరి దగ్గర?" అన్నాడు, ఎగతాళిగా. ఎవరూ లేరని అనొచ్చు. అతను నమ్మేవాడు కూడా. కానీ అప్పుడే కదా ప్రమాణం చేశాను. నీ వైపు చూశాను. నువ్వు తల దించుకోలేదు. "మా అక్క దగ్గర" అన్నాను. "ఎవరా అక్క?" అంటే పేరూ హోదా చెప్పాను. కోర్టు గోలగోల అయింది. కళ్ళజోడు చేతిలోంచి కాగితాలు జారిపడటం చూశావా?

నీ డైరెక్టర్ పదవి నా నోటితోనే పోగొట్టాను. క్షమించమని అడగను, ఏం అడగాలో తెలియడం లేదు.

నిన్న తీర్పు వచ్చింది. యజమానికి జైలు. నా మాట నమ్ముతున్నానని జడ్జిగారు రాశారు. మొదట చెప్పిన అబద్ధానికి నాకు నోటీసు ఇచ్చారు, దానికి వేరే విచారణ. క్వార్టర్ ఖాళీ చేయించారు. సామాను ఆసుపత్రి స్టోరు గదిలో ఉంది. ఆ తల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ రోజే చెప్పుంటే వాడి నోటి మాట ఆ రోజే వినేదాన్ని కదమ్మా" అంది. కోప్పడింది అక్కా, మొదటిసారి. బాగా తిట్టింది. తిట్టి, నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

చిట్టి అన్నం తింటోందా?

నీ పిచ్చుక


కోర్టు, కింది అంతస్తు, పాత కాగితాల గది

పిచ్చుకా,

చిట్టి అన్నమూ తింటోంది, మీ బావగారి బుర్రా తింటోంది. మరిదిగారికి ఇక్కడ ఒక వర్క్‌షాపులో పని దొరికేలా ఉంది.

పైన చిరునామా చూసి కంగారు పడకు. కేసులన్నీ తీసేసుకుని నన్నిక్కడ కూర్చోబెట్టారు. ఎలకలు తప్ప ఎవరూ నాకు ఎదురు తిరగడం లేదు.

ఇవాళ నా మీద విచారణ జరిగింది. విచారించినాయన నా పాత సహోద్యోగే. తలుపు దగ్గరగా వేసి, టీ తెప్పించి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ డైరెక్టర్ ఆర్డరు ఇంకా రద్దు కాలేదు మేడమ్. ఎప్పుడో అక్కాచెల్లెళ్ళు ఏదో కబుర్లు రాసుకుని ఉంటారు. ఏం రాశారో గుర్తులేదని ఒక్క ముక్క రాసివ్వండి. ఫైలు ఇవాళే మూసేస్తాను. మీకు తెలియనిదా, ఆ మాటకి తిరుగు లేదు."

పిచ్చుకా, నాకొచ్చిన కోపం నీకెలా చెప్పను! వాచ్‌మన్ మీద కూడా అంత రాలేదు. నవ్వుతున్నాడు ఆయన, మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. కాగితం, పెన్ను నా ముందుకి తోశాడు. అబద్ధం ఆడుతున్నట్టే ఉండదే అందులో! ఎంత మెత్తగా ఉందో, ఎంత సుఖంగా ఉందో! కుర్చీ అక్కడే ఉంది, ఆ ఒక్క మాట రాస్తే చాలు. ఆ గదిలో కూర్చుని నువ్వు బోనులో ఎలా నిలబడ్డావో మొదటిసారి తెలిసింది నాకు. టీ చల్లారిపోయేదాకా పెన్ను కదల్లేదు. నీ దగ్గర అబద్ధమాడను.

తర్వాత రాశాను. "గుర్తుంది. ఆ మాట చెప్పింది నేనే. అడిగింది సాక్షి అని తెలియదు, చెప్పేది ఏమిటో మాత్రం తెలిసే చెప్పాను."

ఆయన చదివి, మొహం మాడ్చుకుని, కాగితం మళ్ళీ నా వైపు తోశాడు. "సంతకం పెట్టలేదు కదా, ఇంకోసారి ఆలోచించుకోండి మేడమ్" అన్నాడు.

సంతకం పెట్టి ఇచ్చాను.

అక్క